మైన్ల పట్టాల కింద చప్పుడు

దయ్యాలను నేను నమ్మను. శ్మశానం పక్క పొలానికి ఒంటరిగా నీళ్లు కట్టినవాణ్ని, నాకేం భయం? ఇది మాత్రం నాకు జరిగింది.

ఎనభైల మొదట్లో గల్ఫ్‌లో, ఫుజైరా దగ్గర పాత ఓడలు కోసే ఒక యార్డులో గ్యాస్ కట్టర్‌గా పనిచేసేవాణ్ని. మా ఊరి సాయిలు కూడా నాతోనే వచ్చాడు. ఇద్దరిదీ ఒకే పని, ఒకే గది. కానీ ముదీర్, అంటే మా మేనేజరు, నోట ఎప్పుడూ సాయిలు పేరే. వింటే నాకు కడుపు మండేది.

ఆ ఏడు ముక్కలు చేయడానికి ఒక పాత యుద్ధనౌకను తెచ్చారు. మా స్టోరు చూసే నెల్లూరు ఖాదర్ భాయ్ ఆ ఓడను ఎరుగును. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఆయన పనిచేసిన బొంబాయి డాక్‌కు అది రిపేరుకు వచ్చింది. మొదట అది ఫిరంగులతో పోరాడే డిస్ట్రాయరట. తర్వాత వెనుక ఫిరంగులు తీసేసి, డెక్కుకు రెండు పక్కలా రైలు పట్టాల్లాంటివి వేశారట. చీకట్లో శత్రువు తీరానికి వెళ్లి, మైన్లను, అంటే సముద్రపు మందుపాతరలను, ఆ పట్టాల మీద తోసుకొచ్చి నీళ్లలోకి వదిలేవారట.

ఆ డెక్కునే ముదీర్ మాకు పంచాడు. కుడి పక్క సాయిలుది, ఎడమ పక్క నాది. ముందు ఎవరు తన పక్క కోసి ఖలాస్ చేస్తే వాడే ఫోర్‌మన్ అన్నాడు. ఫోర్‌మన్‌కు ఏటా సెలవు. నేను వచ్చాక పుట్టిన నా బిడ్డ మొహం ఇంకా చూడలేదు. సాయిలుకు పెళ్లే కాలేదు. వాడికెందుకు ఆ సెలవు?

మా పనిలో ఒక కట్టుబాటు ఉండేది. మంట పెట్టేముందు ఇనుప రేకును సుత్తితో మూడు దెబ్బలు కొట్టి ఆగాలి. అవతల మనిషి ఉంటే తిరిగి కొడతాడు. కొడితే కోయకూడదు.

మిట్టమధ్యాహ్నం. నాకిక చివరి రేకే మిగిలింది, సాయిలు వెనకబడ్డాడు. సుత్తితో కొట్టాను. కింద నుంచి ఠంగుమని ఒక దెబ్బ. కాసేపాగి ఇంకొకటి. మళ్లీ అంతే ఎడంతో మరొకటి. సాయిలే ఎవడినో పంపాడని తిట్టుకుంటూ కిందికి దిగాను. గది ఖాళీ. దుమ్ములో నా అడుగులు తప్ప మరొకరివి లేవు. పైకొచ్చి కొడితే మళ్లీ అదే చప్పుడు. మంట పెట్టడానికి చెయ్యి రాలేదు.

ఈలోపు సాయిలు తన పక్క ముగించి నా రేకు దగ్గరికి వచ్చాడు. చప్పుడు సంగతి చెప్పాను. తనూ మూడు దెబ్బలు కొట్టాడు. ఆగాడు. చడీచప్పుడు లేదు. కోసేశాడు. ఫోర్‌మన్ అయ్యాడు.

తర్వాత ఖాదర్ భాయ్‌తో చెబితే ఆయన మొహం మారిపోయింది. "ఒక్కో మైను నీళ్లలో పడినప్పుడల్లా డెక్కు కింద ఉండేవాడు లెక్క కోసం సుత్తితో ఒక దెబ్బ కొట్టేవాడంట భాయ్" అన్నాడు. అంతకుముందు ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

కొన్నేళ్లకు నేను గల్ఫ్ వదిలి ఊరికి వచ్చేస్తుంటే సాయిలు సామాను కట్టడానికి వచ్చాడు. ఉన్నట్టుండి అడిగాడు.

"ముదీర్ అన్నీ నాకే ఇచ్చిండు. ఆ చప్పుడు మాత్రం నీకే ఎందుకు వినవడ్డదిరా? ఆనాటి సంది ప్రతి రేకుకు చెవి పెట్టి చూస్తున్న. నాకు ఒక్కనాడన్న పలుకలే."

వాడి గొంతులో ఉన్నది కుళ్లు. అన్నేళ్లూ నాలో ఉన్నదే కాబట్టి వెంటనే గుర్తుపట్టాను.