నలగని పక్కలు మూడు

1976 జూన్ మాసంలో వరంగల్ రైల్వే స్టేషనుకు చేరువలోని ఒక లాడ్జిలో మేనేజరుగా చేరాను. ముప్పది రెండు గదులు. ప్రాచ్య కళాశాలలో చదివి, బడిపంతులు ఉద్యోగం దొరకక ఆ కౌంటరు వెనుక కూర్చున్నవాణ్ణి. యజమాని నేతవారి ఇంట పుట్టి, జంపఖానాల వ్యాపారంలో నిలదొక్కుకొన్న మనిషి. అందరూ ఆయనను సేటు అనేవారు. ఆయన నన్ను పంతులు అనేవాడు.

మరుసటి ఏడు చుట్టుపక్కల కొత్త లాడ్జీలు వెలిశాయి. మందుల కంపెనీల, విత్తనాల కంపెనీల ప్రతినిధులే మాకు ఆధారం. వారు చేజారకుండా సేటు ఒక ఉపాయం ఆలోచించాడు. ఏడాదిలో అరవై రాత్రులు ఉన్నవాడు ‘ఖాస్’ అతిథి. ఆ పైయేడంతా అతని గది అతనిదే, అడ్వాన్సు అడగం, సామాను పెట్టె ఊరికే దాచి ఉంచుతాం, పెళ్ళిళ్ళ రోజుల్లో సైతం లేదు పొమ్మనం. గుర్తుగా గది నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఇస్తాం.

“జనవరి నుంచి డిసెంబర్ దాక అని రాయి పంతులూ” అన్నాడు సేటు.

నాకది రుచించలేదు. తెలుగువాడు తెలుగులో వ్రాసే నియమానికి జనవరి ఏమిటనిపించింది. “ఉగాది మొదలు మరుసటి ఉగాది వరకు అరువది రాత్రులు బస చేసిన అతిథి ఖాస్ అతిథిగా గణింపబడును” అని వ్రాసి, అద్దం బిగించి గోడకు తగిలించాను. సేటు చదివి, “మంచిగనే ఉన్నది, ఎవలికన్న సమజైతే సాలు” అన్నాడు.

మొదటి ఏడు నలుగురికి బిళ్ళలు దక్కాయి. వారిలో సుదర్శనం అనే మందుల ప్రతినిధికి ఏడవ నంబరు గది. ఉదయమే నర్సంపేటకో పరకాలకో మరిపెడకో బస్సెక్కి, డాక్టర్లను కలిసి సాయంత్రానికి తిరిగివచ్చేవాడు. ఆ బిళ్ళను తాళపుచెవుల గుత్తికి కట్టుకొని, తక్కిన ప్రతినిధుల ఎదుట గలగలలాడించేవాడు. “జర పక్కకు జరుగుండ్రి, ఖాస్ మనిషి వస్తాండు” అని వారు వెక్కిరిస్తే మరింత మురిసేవాడు.

మరుసటి సంవత్సరం కంపెనీ అతనికి ఖమ్మం కూడా అప్పగించింది. మా దగ్గర రాత్రులు తగ్గాయి. ఫాల్గుణం వచ్చేసరికి అతనికి కుదురు పోయింది. స్నానం కాకముందే తువ్వాలు భుజాన వేసుకొని కౌంటరు దగ్గరికి వచ్చి, “ఎన్నయినయ్ సార్?” అని అడిగేవాడు. ఉగాది దాటగానే వాళ్ళ ఏరియా మేనేజరు వచ్చి వారం రోజులు అతని పనితీరు చూస్తాడట. ఉద్యోగం ఖాయమయ్యేదీ కానిదీ దాని మీదనే. రెండు గదులు సిద్ధంగా ఉంటాయని సుదర్శనం ఆయనకు అప్పటికే ఉత్తరం వ్రాశాడు. ఆ రోజులు పెళ్ళిళ్ళవి. బిళ్ళ లేనివాడికి అప్పుడు మా వసారాలో సైతం చోటు దొరకదు.

ఒక ఉదయం, “యాభై మూడు” అన్నాను.

“ఇంక ఏడే. పద్దెనిమిది రాత్రులున్నయి. ఫికర్ లేదు” అన్నాడు.

“పద్దెనిమిది ఎక్కడివి? ఏడే ఉన్నాయి.”

అతను జేబులోంచి డైరీ తీశాడు. నిరుడు బిళ్ళ అందుకొన్న తేదీ, ఏప్రిల్ రెండవ వారంలోది, వ్రాసుకొని ఉన్నాడు. అక్కడి నుంచి పన్నెండు నెలలు లెక్కపెట్టుకొన్నాడు. నేను పంచాంగం తెరిచాను. అంతకుముందు ఏట అధిక మాసం పడినందున నిరుటి ఉగాది ఆలస్యంగా వచ్చింది. ఈ ఏడు అధిక మాసం లేదు. చాంద్రమానం ప్రకారం పదకొండు దినాలు ముందుకు జరిగి మార్చి చివరనే వస్తున్నది. ఇదంతా వివరించాను.

“నెలలు మీరే పెంచుతరు, దినాలు మీరే కోస్తరు! మా కంపెనీల తిథులుండయి సార్” అన్నాడు. నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు.

ఏడు రాత్రులూ ఉంటే సరిపోతుంది. కాని నడుమ మూడు దినాలు ఖమ్మం పర్యటన. అది కంపెనీ నిర్ణయించినది. అతను వారానికి అద్దె ముందే చెల్లించి, రిజిస్టరులో సంతకం చేసి, తాళంచెవి కౌంటరులో ఇవ్వకుండానే ఖమ్మం వెళ్ళి వచ్చాడు. రిజిస్టరు ప్రకారం అరవై నిండాయి.

గదులు ఊడ్చి పక్కలు సర్దే ఎల్లమ్మ వద్ద మారు తాళంచెవులు ఉండేవి. మాసిన దుప్పట్లను చాకలికి వేసేటప్పుడు నేను రిజిస్టరుతో సరిచూసుకోవడం నియమం. రాత్రికొకటి చొప్పున చూస్తే మూడు తక్కువ వచ్చాయి.

“ఏడో నంబర్ల మూడొద్దులు పక్క నలగలే సారూ. మనిషి పండితె నాకెర్క గాదా?” అన్నది.

కుర్చీలో కూర్చోలేకపోయాను. కౌంటరుకూ గోడమీది అద్దానికీ నడుమ ఎన్ని మార్లు తిరిగానో! అద్దెకు తీసుకొన్న రాత్రి అని వ్రాయలేదు. బస చేసిన రాత్రి అని వ్రాశాను. ఖాళీ గది బస కాదు. అయితే జనవరి అని వ్రాసి ఉంటే అతనికి తేదీ తప్పేదే కాదు.

“రాసింది మీరే గద సారూ, మీరే కొట్టెయ్యరాదు?” అన్నది ఎల్లమ్మ.

కొట్టివేయలేదు. తక్కిన ముగ్గురు ఆ అద్దాన్ని నమ్మి రాత్రులు గడిపారు. యాభై ఏడు అని ఎక్కించి, సుదర్శనానికి చెప్పాను.

“పైసలిచ్చిన గద సార్?”

“ఇచ్చారు. ఉండలేదు.”

అతనికి గుత్తి నుంచి బిళ్ళ విప్పడానికి చాలాసేపు పట్టింది. కౌంటరు మీద పెట్టి, పెట్టె తలకెత్తుకొని తానే మోసుకుపోయాడు.

ఏరియా మేనేజరును అతను బస్టాండు పక్క లాడ్జిలో దింపవలసి వచ్చింది. ఉత్తరంలో ఒకటి వ్రాసి ఇక్కడ మరొకటి చూపాడని ఆయన మందలించాడట. ఉద్యోగం ఖాయం కావడానికి మరో ఆరు నెలలు ఆగవలసి వచ్చిందని తోటి ప్రతినిధులు చెప్పారు.

సేటుతో తప్పు నాదని ఒప్పుకొన్నాను. “నేను జనవరి అన్ననా లేదా?” అని మాత్రం అన్నాడు. అద్దం దింపి, ఇంగ్లీషు తేదీలతో నియమం తిరగవ్రాశాను. ఏ దినాన ఎన్ని గంటలకు గదిలో ఉంటే రాత్రిగా లెక్కకు వస్తుందో అదీ చేర్చాను. గ్రాంథికం తీసివేశాను.

ఏడాది తరువాత సుదర్శనం పెట్టెతో వచ్చాడు. గది అడగకముందే గోడ దగ్గర నిలిచి రెండు మార్లు చదివాడు.

“ఇది ఎవరి లెక్క సార్?”

“మీ లెక్కే.”

రిజిస్టరు తనవైపు తిప్పుకొని సంతకం చేశాడు. ఒకటో రాత్రి అని నేను ఎక్కించాను.

నియమం వ్రాసేవాడికి తన పాండిత్యం కన్నా చదివేవాడి జేబులోని డైరీ ముఖ్యమని ఆ ఉద్యోగంలో నేర్చుకొన్నాను. నేర్చుకొనడానికి అయిన ఖర్చును మాత్రం భరించినవాడు మరొకడు.