మిరప కోతల సోమవారం

మా ట్యూటరమ్మ పోయారు. మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి కంచం ముందు కూర్చున్నానో లేదో, జగ్గయ్యపేట నుంచి ఆవిడ మేనకోడలు ఫోన్ చేసింది. "అత్త పోయిందండి. మీకు ముందు చెప్పమని ఎప్పుడో చెప్పి పెట్టింది" అంది. ఫోన్ పెట్టేశాక అన్నం కలపలేకపోయాను. ఏడుపూ రాలేదు. నా రెండు చేతులూ చూసుకుంటూ కూర్చుండిపోయాను. ఆ చేతుల సంగతి చెబితే తప్ప ఆవిడెవరో మీకు తెలియదు.

డెబ్భైల చివర్లో నందిగామలో ఒక మిషన్ ఆసుపత్రి వాళ్లు నర్సు ట్రైనింగు స్కూలు నడిపేవాళ్లు. ఆసుపత్రి పేరు ఇప్పుడెందుకు లెండి. మాది వత్సవాయి పక్క పల్లె. నాన్న పోయాక అమ్మా నేనూ కూలికి పోయి బతికేవాళ్లం. నేను టెన్త్ గట్టెక్కగానే, భార్య చనిపోయి ఇద్దరు పిల్లలతో ఉన్న మా మేనమామ నన్ను చేసుకుంటానని వచ్చి కూర్చున్నాడు. నాకు అతనంటే భయం. తాగితే మనిషి కాదు. మా అత్త ఎలా పోయిందో ఊరందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు. పాస్టరు గారు కలగజేసుకుని నాకు ట్రైనింగులో సీటు ఇప్పించారు. అక్కడ మొదటి ఆర్నెల్లూ మమ్మల్ని చూస్తారు. పనికొస్తామనుకుంటే తల మీద తెల్ల టోపీ పెడతారు, లేదంటే ఇంటికి పంపించేస్తారు. మామయ్య ఆ మాట పట్టుకున్నాడు. "ఆర్నెల్లు ఆగుతా. టోపీ రాకపోతే తాళి కడతా" అని అమ్మకి తేల్చి చెప్పి వెళ్లాడు.

చేరిన నాటి నుంచీ నరకమే. ఫినాయిల్ వాసన ఒంటిని వదిలేది కాదు. పాఠాలు సగం ఇంగ్లీషులో, ఒక్క ముక్క బుర్రకెక్కేది కాదు. బెడ్‌పాన్లు కడిగి వచ్చాక అన్నం సయించేది కాదు. తోటి పిల్లలు ఇంటికి పోతామని ఏడ్చేవాళ్లు. నేను అదీ అనలేదు. పోవడానికి నాకు ఇల్లెక్కడుంది?

మాకు పాఠాలు చెప్పి పని నేర్పే ట్యూటరమ్మ అంటే మా అందరికీ హడల్. సన్నగా, పొడుగ్గా, గంజి పెట్టిన తెల్ల చీరలో పొద్దున్నే వార్డులోకి వచ్చి, దుప్పట్ల మీద అరచెయ్యి రాసుకుంటూ పోయేవారు. ఎక్కడైనా ముడత తగిలిందా, పక్క మొత్తం పీకించి మళ్లీ వేయించేవారు. "ముడత ఉన్నచోటే పుండు పడుతుందమ్మా" అనేవారు. నవ్వరు, తిట్టరు. మాలో ఒక్కరి భుజం తట్టగా కూడా చూడలేదు. ఏ గొప్పింటి బిడ్డో, ఎండ కన్నెరగకుండా పెరిగి ఉంటారని మేం చెవులు కొరుక్కునేవాళ్లం.

ఐదు నెలలు ఎలాగో ఈదాను. మిరప కోతల కాలం వచ్చింది. అమ్మకి జ్వరమని కబురొస్తే ఒక శనివారం సెలవు అడిగి వెళ్లాను. అమ్మ మంచం దిగలేకుండా ఉంది. కోతకి మనిషి రాకపోతే రైతు ఇంకొకరిని పెట్టుకుంటాడు, ఆ ఏటికి పని పోయినట్టే. అమ్మ బదులు నేను దిగాను. ఆదివారం సాయంత్రం దాకా కాయ కోసి, కళ్లంలో తాలు కాయలు ఏరి, చేతులు సబ్బుతో బాగా రుద్ది కడుక్కున్నాను. చిన్నప్పటి నుంచీ కోతలకి పోయిన చేతులు, మొద్దుబారిపోయి మంటన్నదే తెలిసేది కాదు. సోమవారం తొలి బస్సుకి జగ్గయ్యపేట మీదుగా వచ్చి నేరుగా డ్యూటీ ఎక్కాను.

ఆ పొద్దున నన్ను కాన్పుల వార్డులో వేశారు. అప్పుడే పుట్టిన ఆడపిల్లకి కళ్లు పుసి కట్టాయి. కాచి చల్లార్చిన నీళ్లలో దూది ముంచి, వేళ్లతో పిండి, తుడిచాను. అంతే, పిల్ల గుక్కపట్టింది. చూస్తుండగానే రెప్పలు ఎర్రగా ఉబ్బి మూసుకుపోయాయి. పిల్ల అమ్మమ్మ గుండెలు బాదుకుంటూ వచ్చి, కళ్లు పోగొట్టావంటూ నా జుట్టు పట్టుకుంది.

నీళ్లనుకుని స్పిరిట్‌లో దూది ముంచానని మేట్రన్ గారు తేల్చేశారు. డాక్టరమ్మ కూడా అదే అన్నారు. నేను నీళ్లేనంటే ఎవరు నమ్ముతారు? కాసేపటికి నాకే నమ్మకం పోయింది. పిల్లకి చూపు ఉంటుందో లేదో ఎవరూ చెప్పడం లేదు. నన్ను సాయంత్రం బస్సుకి పంపించెయ్యమన్నారు. నా రేకుపెట్టె తెచ్చి మేట్రన్ గారి గది బయట పడేశారు. దాని మీద కూర్చుంటే లోపలి నుంచి పిల్ల ఏడుపు వినిపిస్తూనే ఉంది. ఎదురుగా ఆసుపత్రి బావి. ఇంటికి పోయి మామయ్యకి మెడ వంచడమా, ఇదా అని దానివైపే చూస్తున్నాను. అబద్ధం చెప్పను, లేచి నిలబడ్డాను కూడా.

అప్పుడు ట్యూటరమ్మ వచ్చి నా ముందు ఆగారు.

"నిన్న ఎక్కడున్నావ్?"

"ఇంటి దగ్గరండి. మా అమ్మకి జ్వరమండి."

"కోతకెళ్లావా?"

తల ఊపాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుని మేట్రన్ గారి గదిలోకి లాక్కెళ్లారు. అందరూ చూస్తుండగా నా వేలు తీసుకుని తన కంటి కింది రెప్పకి రాసుకున్నారు. నేను చెయ్యి లాక్కునేలోపే అయిపోయింది. కన్ను చింతనిప్పులా అయ్యింది. నీళ్లు ధారగా కారుతున్నా తుడుచుకోలేదు.

"స్పిరిట్ కాదండి, మిరప. సబ్బుకి పోదు" అన్నారు.

మేట్రన్ గారు తేరుకుని, కూలికి పోయే పిల్లల్ని చేర్చుకుంటే ఇలాగే ఉంటుందన్నారు.

"నేనూ పోయానండి, చందర్లపాడు చేలకి" అన్నారు ట్యూటరమ్మ. "కోతలున్నన్నాళ్లూ మా అమ్మ మా మొహం మీద చెయ్యి వేసేది కాదు. ఏడిస్తే ముంజేత్తో తుడిచేది. అంతా తెలిసి కూడా ఈ పిల్లలకి నేను చెప్పలేదు. పంపిస్తే నన్ను పంపించండి."

 మిరప మంటని తెలిశాక డాక్టరమ్మ పిల్ల కళ్లు మళ్లీ మళ్లీ కడిగించారు. నా సంగతి పిల్ల కళ్లు తెరిచాక చూద్దామన్నారు. ట్యూటరమ్మ నన్ను కుళాయి దగ్గర కూర్చోబెట్టి, చేతులకి ఆముదం పట్టించి, శనగపిండితో రుద్ది, సబ్బుతో కడిగి, మళ్లీ ఆముదం పట్టించారు. చివరికి నా వేలు తన పెదవికి ఆనించుకుని చూశారు. "మండట్లేదు. ఇక ముట్టుకోవచ్చు, వెళ్లు" అన్నారు. ఎక్కడికండీ అని అడిగాను. పిల్ల దగ్గరికి, ఇంకెక్కడికి అన్నారు.

వెళ్లి కూర్చున్నాను. అమ్మమ్మ తిడుతూనే ఉంది, పడ్డాను. మర్నాడు మధ్యాహ్నం రెప్పలు విడ్డాయి. కిటికీ వెలుగుకి పిల్ల కళ్లు చికిలించింది. అది చూసి నేను నేల మీద కూలబడి ఏడ్చాను. నెల తర్వాత టోపీ పెట్టారు. వరసలో చివరి టోపీ నాది. మామయ్య మళ్లీ మా గుమ్మం తొక్కలేదు.

ఆ ఏటి నుంచి కోతల కాలంలో సోమవారం వచ్చిందంటే కుళాయి పక్కన ఆముదం సీసా ఉండేది. సెలవుకి ఇళ్లకెళ్లి వచ్చిన మేం వరసగా చేతులు చాపితే, ఒక్కొక్కరి వేలూ తన పెదవికి ఆనించుకుని చూసేవారు. మండితే మళ్లీ ఆముదానికి పంపేవారు. మండకపోతే అదే మాట, "ఇక ముట్టుకోవచ్చు, వెళ్లు." ఎనభైల్లో సర్కారు ఉద్యోగంలో చేరాక కూడా, ఆ మాట వినకుండా రోగి మీద చెయ్యి వెయ్యాలంటే నాకు జంకుగానే ఉండేది.

పోయిన నెల జగ్గయ్యపేటలో ఆవిడని చూడ్డానికి వెళ్లాను. మతి తప్పింది, నన్ను గుర్తుపట్టలేదు. పక్కకి తిప్పి చూద్దును కదా, నడుం కింద పుండు. జీవితమంతా ఊళ్లోవాళ్ల పక్కల మీద ముడతలు తీయించిన మనిషికి! నోటికొచ్చినట్టు ఆ మేనకోడల్ని తిట్టాను.  పగలంతా కొట్లో పని, ఒక్కదాన్నే తిప్పలేకపోతున్నానండి అని ఏడ్చింది.  వేడినీళ్లు తెప్పించి కడగబోతుంటే, ట్యూటరమ్మ నా చెయ్యి పట్టుకున్నారు. మెల్లగా నా వేలు తన పెదవికి ఆనించుకున్నారు. ఆ మాట కోసం చూశాను. పెదవి కదిలింది గానీ మాట రాలేదు. కడిగి కట్టు కట్టాను. అది మానే పుండు కాదని నాకు తెలుసు. బస్సెక్కి నందిగామ దాకా ఏడుస్తూనే వచ్చాను.

పోయిన మర్నాడే భూస్థాపన చేశారు. పెట్టె మూసే ముందు ఒక్కొక్కరే వెళ్లి నుదుటి మీద చెయ్యి వేసి వస్తున్నారు. నా వంతు వచ్చింది. చెయ్యి చాపి, ఆగిపోయాను. నేను మిరప చేలో దిగి నలభై ఏళ్లు దాటింది, నిజమే. కానీ ఆ రోజు సోమవారం. ఇక ముట్టుకోవచ్చని చెప్పాల్సిన మనిషి పెట్టెలో ఉన్నారు.

అరచెయ్యి వెనక్కి మడిచి, ముంజేతితో ఆవిడ చెంప నిమిరాను.