కాలువ మీద బాపు చక్రం

శాలిబండలో మా ఇంటికి రెండు వాసనలుండేవి. ముందుగదిలో బాపు లేత్ మిషన్ నూనె వాసన, వెనక దొడ్లో అమ్మ నాలుగు బర్రెల పేడ వాసన. ఇల్లు మాత్రం వెనక వాసన మీదే నడిచేది. బాపు పనిమంతుడే గాని, చేసిన పనికి పైసలడగడం చేతగాని మనిషి. అమ్మ పాలు లాడ్ బజార్ గాజుల దుకాణాల్లో ఛాయ్‌కి కూడా పోయేవి. పొద్దున పోసిన పాలకు సాయంత్రం పైసలొచ్చేవి.

అమ్మ తమ్ముడికి వాళ్ల ఊళ్లో, కాలువ పక్కన గిర్నీ ఉండేది. డీజిల్ ఇంజన్‌తో వడ్లు పట్టేవాడు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా అన్నం తింటూ డీజిల్ ఖర్చు గురించి ఏడ్చేవాడు. ఒకసారి ఆ ఊరికి పెళ్లికి పోయిన బాపు పెళ్లి వదిలేసి, కాలువ నీళ్లు నిలువెత్తు కిందికి దూకే చోట కూర్చుని వచ్చాడు.

"నీళ్లు ఊకెనే దుంకుతున్నయ్. గా దుంకుడు కింద చక్రం పెడితే కరెంటొస్తది. గిర్నీకి డీజిల్ పనే లేదు" అన్నాడు ఇంటికి రాగానే.

"మరి చక్రం ఊకెనే వస్తదా?" అంది అమ్మ.

రాదు. అసలు చిక్కంతా అదే. నీటి కరెంటుకు ఖర్చు మొత్తం మొదట్లోనే పెట్టాలి. ఆ తర్వాత పెద్దగా ఖర్చుండదు, కానీ పెట్టింది తిరిగి వచ్చేదాకా ఓపిక పట్టాలి. పైపులూ, యంత్రం పెట్టే గదీ తన ఖర్చన్నాడు మామ. చక్రం, డైనమో బాపు ఖర్చు. మిగిలిన డీజిల్ పైసల్లో సగం బాపుకు, చక్రం తిరిగినన్నాళ్లూ. మాట అలా కుదిరింది.

అమ్మ రెండు బర్రెలను అమ్మింది. అందులో ఒకటి మా దొడ్లోనే పుట్టింది. అది పోయిన రోజు అన్నం ముట్టనని నేను మస్తు లొల్లి చేశాను. ఆ డబ్బుతో బాపు నయాపూల్ దగ్గర పాత సామాన్ల దుకాణంలో ఏదో సినిమా హాలు వదిలేసిన డైనమో కొన్నాడు. "ఉస్తాద్, పానీ పే భరోసా నక్కో కరో" అన్నాడట దుకాణాయన. నీళ్లను నమ్మకుంటే చేపలెట్ల బతుకుతయ్ అని బాపు నవ్వి, దాన్ని బండికెత్తించాడు. చక్రం మాత్రం ఇంట్లో తన లేత్ మీద తనే చేశాడు.

చక్రం తిరిగిన రోజు మేమంతా అక్కడే ఉన్నాం. గిర్నీలో బల్బు ముందు ఎర్రగా, తర్వాత తెల్లగా వెలిగింది. మామ కేక పెట్టాడు. బాపు బల్బు వైపు చూడనే లేదు, చక్రం ఇరుసు వేడెక్కుతుందేమోనని దాని మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. ఆయన్ను అంత సంతోషంగా నేను మళ్లీ చూడలేదు.

కాలువ పారేది పంట రోజుల్లోనే. డబ్బు కూడా కాలువ ఆగాక ఒక్కసారే వచ్చేది. రోజూ సాయంత్రం చేతిలో పైసలు చూసుకునే అమ్మకు అది రాబడిలా అనిపించేది కాదు. పోయిన రెండు బర్రెల పాలు ఆమె కళ్లముందు ఆడుతూనే ఉండేవి. మూడో ఏడు వానలు లేవు. కాలువలో నీళ్లు రాలేదు, చక్రం కదల్లేదు, ఒక్క పైసా చేతికి రాలేదు.

పట్నంలో బర్రెలు సాకేవాళ్లకు ఒక పద్ధతి ఉంది. ఇక్కడ మేపడానికి బీడు లేదు, గడ్డి కట్ట కట్టకూ డబ్బే. అందుకని వట్టిపోయిన బర్రెను ఎవరూ ఉంచుకోరు. వెంటనే అమ్మేసి పాలిచ్చేదాన్ని తెచ్చుకుంటారు. జాలి పడితే దొడ్డి మునుగుతుందని మా నానమ్మ అనేది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి అమ్మ నేర్చుకున్నది ఆ పద్ధతే.

"వట్టిపోయినదాన్ని కట్టేసుకొని కూసుంటమా? చక్రంల నీ వాటా మా తమ్మునికి అమ్మెయ్యి" అంది.

"ఇంకొక్క పంట చూద్దాం" అన్నాడు బాపు.

ఇంట్లో ఆయన పక్షాన మాట్లాడినవాళ్లు ఎవరూ లేరు. నాలుగైదు వారాలు ఓర్చుకుని సరేనన్నాడు. మామ మోసగాడేం కాదు. "ఇంకోసారి ఆలోచించు అక్కా" అని అడిగి మరీ పైసలిచ్చాడు. వాటితో దొడ్లోకి ఒక బర్రె వచ్చింది.

మరుసటి ఏడు కాలువ ఒడ్లు ఒరుసుకుని పారింది. ఇంకొన్నాళ్లకు డీజిల్ ధర మండిపోయింది. చుట్టుపక్కల గిర్నీలవాళ్లు తలలు పట్టుకుంటే మామ గిర్నీ నీళ్ల మీద హాయిగా నడిచింది. ఆ పైసలతో తెచ్చిన బర్రె పాలిచ్చింది, వట్టిపోయింది, దాన్ని అమ్మి పైన డబ్బు కలిపి ఇంకోదాన్ని తెచ్చాం. అదీ వట్టిపోయింది. చక్రం మాత్రం అదే చక్రం.

ఏటా కాలువకు నీళ్లు వదలకముందు బాపు పోయి దాన్ని బాగుచేసి వచ్చేవాడు. మామ కూలి ఇచ్చి, ఒక సంచి బియ్యం బస్సెక్కించేవాడు. తను చేసిన చక్రం దగ్గర తనే కూలికి పోయాడు మా బాపు. ఆయన అమ్మను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఒకసారి అలాగే బియ్యం సంచితో వచ్చి గుమ్మంలో దించాడు. అమ్మ దొడ్లో బర్రెకు గడ్డి వేయబోతోంది. ఆ బర్రె అప్పటికి వట్టిపోయే రోజుల్లో ఉంది.

"గా చక్రం ఇంకా తిరుగుతదా?" అంది.

"తిరుగుతది. ఇరుసు బుష్షులు మార్చిన, గంతే."

అమ్మ గడ్డికట్ట పట్టుకుని అలాగే నిలబడింది.

"గా కాలువ ఎండిన ఏడు అది గడ్డి అడిగిందా, కుడితి అడిగిందా? ఊకెనే ఒక మూలకు పడి ఉండె గద. నేనెందుకు అమ్మిపిచ్చిన?"

బాపు ఆమె చేతిలోంచి కట్ట తీసుకుని బర్రె ముందు వేశాడు.