బియ్యం డ్రమ్ములో పాస్‌పోర్టు

మా ఆయన గల్ఫ్‌లో, సముద్రం పక్క హోటల్లో తోటపని చేస్తారు. ఆరేళ్లుగా చర్చిలో అందరికీ నేను అదే చెప్పుకుంటూ వచ్చాను. నాకు ఆయన చెప్పిందీ అదే. తోట నీళ్ల అడుగున ఉందని మాత్రం చెప్పలేదు.

సెలవు మీద వచ్చిన మూడోరోజు, ఆయన స్నానానికి వెళ్తే ఫోటోలు చూద్దామని ఫోను తీశాను. వీపుకి గ్యాసు బండలాంటిది కట్టుకుని, చేపల మధ్య తలకిందులుగా వేలాడుతూ ఎవరో రాతికి ఏదో అంటిస్తున్నారు. మోచేతి మీది సిలువ పచ్చబొట్టు చూసి పోల్చుకున్నాను.

"ఇదేంటండీ?" అని ఫోను ముఖానికి ఎదురుగా పెట్టాను.

ఆయన తువ్వాలుతోనే నిలబడిపోయారు. "పగడాలే. ప్రాణమున్నవి. అవి దిబ్బ కడితేనే చేపలకి ఇల్లు. సముద్రం వేడెక్కి చచ్చిపోతన్నాయని, ముక్కలు పెంచి మళ్లీ నాటుతున్నాం. రెండేళ్లయింది, పై తోటలోంచి కింది తోటకి మార్చేరు."

"ఎంత లోతండీ?"

"ఎంతో కాదు. ఒక కొబ్బరిచెట్టంత."

"కొబ్బరిచెట్టు మీంచి పడితేనే మనిషి మిగలడు కదండీ."

తిరుగు ప్రయాణం ఇంక పదిరోజులే. ఆ మధ్యాహ్నమే పాస్‌పోర్టు తీసి బియ్యం డ్రమ్ములో, పురుగు పట్టకుండా వేసిన వేపాకు కింద పాతేశాను.

ఆయన బీరువా వెతికారు, పరుపులు తిరగేశారు, ఆఖరికి కోళ్ల గూట్లో కూడా తల పెట్టారు. పూటపూటా ఆ డ్రమ్ములోని బియ్యమే వండిపెడుతుంటే తిని, మళ్లీ వెతకడానికి లేచేవారు. బియ్యం కొలిచిన ప్రతిసారీ నేను దాన్ని ఇంకొంచెం లోపలికి తోసేదాన్ని.

నా భయం పోగొడదామని ఒకరోజు పెరట్లో సిమెంటు కలిపి, మునగపుల్లలు విరిచి ఇటుకల మీద నాటి చూపించారు. మా అత్తగారు వయసంతా ఊడుపుల్లోనే గడిపిన మనిషి. వచ్చి వంగి చూశారు.

"నారు మరీ దగ్గర పెట్టేవురా. గాలాడదు."

"ఆయ్. అక్కడ ఎడంగానే పెడతామమ్మా."

"మళ్లీ వేడొచ్చి చస్తేనో?"

"అన్నీ చావవు. చుట్టూ ఉన్నవి తెల్లబడిపోయినా కొన్ని రంగు నిలుపుకుంటాయి. వాటి ముక్కలే తీసి పెంచుతాం."

"ఏటి లంకలో చేను మునిగినప్పుడు నేను చేసిందదే. వరదకి నిలబడ్డ కుదుళ్ల గింజలే విత్తనానికి ఉంచేను. ఈ మాత్రానికి గల్ఫ్ వెళ్లేవా?" అని నవ్వి, నావైపు తిరిగారు. "అమ్మాయ్, పురుగు పట్టకముందే అది తీసి ఇచ్చెయ్."

మా ఆయన నోరు తెరిచారు. నేను డ్రమ్ము మూత తెరిచాను. నాలుగు రోజుల నుంచీ ఆవిడకి తెలుసట.

ఊరికే ఇవ్వలేదు. నీళ్లలోంచి పైకొచ్చిన ప్రతిసారీ ఫోను చెయ్యాలన్నాను. సరేనన్నారు. విమానాశ్రయంలో ఆఫీసరు పాస్‌పోర్టు తెరిస్తే పేజీల మధ్యలోంచి ఒక బియ్యప్పురుగు బల్ల మీదికి నడుచుకుంటూ వచ్చిందట. ఆ పురుగుకి వీసా ఉందా అని ఆఫీసరు అడగలేదు కాబట్టి సరిపోయింది.

అప్పట్నుంచీ రోజూ ఫోను మోగేది. "పైకొచ్చేను" అనేవారు. "ఆయ్" అనేదాన్ని. అంతే మాట్లాడేవాళ్లం.

ఒక ఎండాకాలం రోజు ఫోను మోగిందిగానీ ఆ మాట రాలేదు.

"పైకొచ్చేరా?" అన్నాను.

"వచ్చేను. కాచిన నీళ్లలా ఉంది సముద్రం. మూడొంతులు తెల్లబడిపోయేయి. ఇవన్నీ వదిలేసి ఇంటికొచ్చేద్దామనుందే."

ఈ మాట కోసమే కదా పాస్‌పోర్టు దాచాను. తీరా ఆయన నోట వింటే నాకేమీ సంతోషం కలగలేదు.

"మిగిలిన వంతో?"

"అవి నిలబడ్డాయి."

"మరి వాటిని ఎవరికప్పగించి వస్తారండీ? విత్తనం దొరికింది కదా. రేపు దిగండి. పైకి రాగానే మాత్రం ఫోను చెయ్యండి."