ఆ కాగితం చిలుకలు కోసింది నేను

మా చిన్నతనాన, శివరాత్రి దాటిన రోజులు... బడి ముందున్న వేపచెట్టు ఆకంతా రాల్చి బోడిగా నిలబడి ఉంది. తనిఖీకి పెద్ద ఆఫీసరు వస్తున్నాడని మాస్టారుకు కబురొచ్చింది. బోడిచెట్టు చూపించడం ఆయనకు నామోషీ అనిపించినట్టుంది. పచ్చ పతంగి కాగితం తెప్పించి, చిలుకలు కోసి కొమ్మలకు కట్టమని పిల్లలకు చెప్పాడు.

మాది బీదర్ జిల్లా, జనవాడ దగ్గర ఒక పల్లె. నాకు తొమ్మిదేళ్ళు ఉంటాయేమో. నేను బడిలో లేను. తమ్ముణ్ణి చంకనేసుకుని బడి కిటికీ దగ్గర నిలబడేదాన్ని... అంతే.

చిలుక కోయాలంటే కాగితాన్ని మధ్యకు మడిచి సగం చిలుకనే కోయాలి. దాని వీపు మడత మీదికి రావాలి. విప్పితే రెండు రెక్కలతో నిండు చిలుక. మడత తెగిందా, రెండు ముక్కలు. లోపల పదిమంది మగపిల్లలు కోస్తున్నారు... పదిమందీ మడతనే కోస్తున్నారు. నేలంతా సగం చిలుకలు.

నాకు చూడబుద్ధి కాలేదు.

“మడత కొయ్యకుర్రి! మడత ఇడిసిపెట్టుర్రి!” అని కిటికీలోంచి అరిచాను.

మాస్టారు తిరిగి చూశాడు. “నీకొస్తదా పిల్లా?”

“మా నాయన పీర్ల పండుగకు కాయిదం పూలు కోస్తడు సార్. గా కత్తెర ఇటియ్యి.”

ఊచల మధ్య నుంచి కత్తెర బయటికొచ్చింది. తమ్ముణ్ణి మట్టిలో కూర్చోబెట్టి కోశాను. గీత గీయలేదు, కొలత పెట్టలేదు. రెండు రోజులు కోశాను. మగపిల్లలు దారం గుచ్చి, చెట్టెక్కి కట్టారు. నాగయ్య అనే పిల్లవాడైతే “ఇంకోటియ్యక్కా... ఇంకోటియ్యి” అని కిటికీ వదల్లేదు.

ఆఫీసరు వచ్చిన రోజు, హాజరు పుస్తకంలో పేరు లేని పిల్లలు గోడ బయటే ఉండాలన్నారు. గోడ మీంచి చూశాను. ఆఫీసరు చెట్టు కింద చాలాసేపు నిలబడ్డాడు. నాగయ్యతో పాటు ఆ మగపిల్లలందరికీ తలా ఒక పెన్సిలు ఇచ్చాడు. నేను ఏడవలేదు. తమ్ముడు ఆకలని ఏడుస్తుంటే ఇంటికి పోయాను.

ఇన్నేళ్ళకు ఎందుకు చెప్తున్నానంటే... ఆ నాగయ్య బీదర్‌లో నౌకరీ చేసి రిటైరై, ఈ మధ్య ఫోనులో జ్ఞాపకాలు రాస్తున్నాడు. ‘మేము కోసిన చిలుకల చెట్టు’ అని రాస్తే మా మనవరాలు చదివి వినిపించింది. అది చూసి, ఇప్పటి పిల్లలతో అట్లాంటి చెట్టు చేయించమని బడివాళ్ళు ఆయన్నే పిలిచారు.

ఆయన వచ్చిన రోజు మునిమనవరాలికి బువ్వ గిన్నె తీసుకుని నేనూ బడికి పోయాను. నాగయ్య బల్ల మీద పచ్చ కాగితం మడిచాడు. పిల్లలు చుట్టూ మూగారు. కోశాడు. విప్పాడు. రెండు ముక్కలు.

“ఏం నాగయ్యా... ఇంకా మడతే కోస్తున్నవా?” అన్నాను.

పిల్లలు పకపకా నవ్వారు. నాగయ్య కళ్ళజోడు సర్దుకున్నాడు. “నువ్వా అక్కా! నువ్వసలు మా బడికే రాలేదు గద?”

“రాలే. వస్తే నేన్గూడ మడతనే కోద్దును.”

ఆయన కత్తెర నా చేతికిచ్చాడు. అన్నం గంట కొట్టేదాకా పిల్లలకు నేర్పాను. ఇరవై మందిలో నలుగురే మడత తెంపారు. వాళ్ళకూ రెండోసారికి వచ్చింది.

సాయంత్రం నాగయ్య తన రాత కింద ఒక మాట చేర్చాడట... ‘ఊరి ఆడపిల్ల ఒకామె కూడా సాయం చేసింది’ అని.

నాకు చదువు రాదు. నేను చెప్తుంటే మనవరాలు రాస్తోంది. సాయం చేసింది నేను కాదు. చిలుకలు కోసింది నేను. సాయం చేసింది నాగయ్య. దారం కట్టడం, చెట్టెక్కడం కూడా పనే, కాదనను. కానీ ఎవరి పని వాళ్ళది.

ఇప్పుడు ఆ బడిలో హాజరు పిలుస్తుంటే ఆడపిల్లల పేర్లే ఎక్కువ వినిపిస్తున్నాయి. మా కాలాన ఒక్క పేరూ వినిపించేది కాదు... మీ చిన్నప్పుడు కూడా, మీ పేరు మీద పని చేసిపెట్టిన పిల్ల ఎవరో ఒకరు ఉండే ఉంటారు. గుర్తు చేసుకుని కింద రాయండి. ‘ఒకామె’ అని కాదు, పేరు పెట్టి రాయండి.

నా పేరు లచ్చమ్మ.