అయిదు మిల్లీమీటర్ల తేడా

హెల్మర్‌కి సెంటు భూమి లేదు. స్వీడన్‌లోని యెమ్త్‌లాండ్ అడవుల్లో భూమి లేనివాడికి వేట హక్కూ లేదు. ఊరి జట్టు దయతలిచి పిలిస్తేనే మూస్ దుప్పి మీద తుపాకీ ఎత్తాలి. ముప్ఫైనాలుగేళ్ళుగా పిలుస్తూనే ఉన్నారు. చెట్లు కొట్టి బతికిన మనిషి, ఏడాదంతా ఎవరి ముందూ నోరెత్తని మనిషి, సెప్టెంబరు వచ్చేసరికి ఆ పదిమందిలో ఒకడుగా నిలబడితే చాలనుకునేవాడు. పిచ్చి ఆశ అంటే అనండి, అతనికున్నది అదొక్కటే.

అతని తుపాకీ తండ్రి నుంచి వచ్చింది. అందులో పట్టేది యాభైఏడు తూటా, అంటే ఇత్తడి డొప్ప పొడుగు యాభైఏడు మిల్లీమీటర్లు. మిగతా తొమ్మిదిమందీ ఒకరిని చూసి ఒకరు అరవైరెండుకు మారారు. నిజానికి రెండూ అన్నదమ్ములే. గుండు లావు ఒక్కటే, డొప్ప లావూ ఇంచుమించు ఒక్కటే. తేడా అల్లా అయిదు మిల్లీమీటర్ల పొడుగు, ఆ జాగాలో ఇంకాస్త తుపాకిమందు, దాని ముందు ఇంకాస్త బరువైన గుండు. ఆ కాస్త కోసం వయసొచ్చిన మగవాళ్ళు కాఫీ చల్లారిపోయేదాకా వాదించుకునేవాళ్ళు.

"ఏమోయ్ హెల్మర్, ఈసారీ ఆ దుంపలు విసిరే తుపాకీయేనా?" అన్నాడు ఫోల్కె, జులైలో జట్టంతా కూర్చున్నప్పుడు. ఫోల్కె జట్టు పెద్ద. హెల్మర్ కన్నా ఇరవైయేళ్ళు చిన్నవాడు, కానీ ఆ అడవిలో సగం వాడిదే. "బంగాళాదుంపలు విసిరితే దుప్పి పడుతుందా? తినేసి, ఉప్పేదీ అని అడుగుతుంది."

అందరూ పగలబడి నవ్వారు.

"ముప్ఫైఒకటి పడగొట్టాను దీంతో," అన్నాడు హెల్మర్. "ఒక్కటీ గాయంతో పారిపోలేదు."

"ముక్కు దగ్గరికొచ్చి వాసన చూసేదాకా ఆగితే ఎవడైనా పడగొడతాడు. ఇప్పుడు చెట్లన్నీ నరికేశాం. నూటయాభై మీటర్లలో కనబడితే ఏం చేస్తావ్, పేరు పెట్టి పిలుస్తావా?"

"అంత దూరమైతే కాల్చను."

"కాల్చనివాడికి మాటు ఎందుకయ్యా? అరవైరెండు చేయించుకో, నీ చోటు నీది. లేదంటే ఆ చోట్లో మాటు వెయ్యడానికి మా బావమరిది సిద్ధంగా ఉన్నాడు."

హెల్మర్ ఇంటికొచ్చాడు.

"నీ భుజం సంగతి చెప్పావా వాళ్ళకి?" అంది భార్య దాగ్నీ. ఇరవైఆరో ఏట ఒక చెట్టు కొమ్మ మీద పడి అతని మెడకింది ఎముక విరిగింది. వంకరగానే అతుక్కుంది. యాభైఏడు పేలితే భుజాన్ని తోసేది, అంతే. అరవైరెండు అయితే గుద్దుతుంది.

"చెప్తే ముసలాడంటారే."

"చెప్పకపోతే చేతకానివాడంటారు. ఏదో ఒకటి అనిపించుకో, పో!"

పట్నంలో తుపాకులు బాగుచేసే ఆయన గొట్టంలోకి తొంగిచూసి నిట్టూర్చాడు. "నిక్షేపంలా ఉంది. ఎందుకండీ దీన్ని పాడుచేసుకోవడం? తూటా కూర్చునే అరని లోతుగా తొలిచేస్తే మళ్ళీ పూడ్చలేను. యాభైఏడు ఇంక ఇందులో నిలవదు."

"తొలిచెయ్యండి," అన్నాడు హెల్మర్. తండ్రి వేలు కొయ్యడానికి తానే ఒప్పుకున్నట్టనిపించింది.

ఆగస్టులో, పట్టాల మీద పరిగెత్తే చెక్కదుప్పి మీద అభ్యాసం. మొదటి తూటాకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడోదానికి వేలు మీట నొక్కకముందే కళ్ళు మూసుకుపోయాయి. గుళ్ళన్నీ పొట్టలో పడ్డాయి.

"పేడతో పులుసు పెట్టుకుంటావేమిటయ్యా?" అన్నాడు ఫోల్కె. "అలవాటవుతుందిలే."

అలవాటు కాలేదు. రాత్రిళ్ళు దాగ్నీ ఆ నల్లబడ్డ భుజానికి మందు రాసేది, తిట్టేది, మళ్ళీ రాసేది.

వేట మొదలైన నాలుగో రోజు పొద్దున్నే ఆడదుప్పి వచ్చింది. నలభై మీటర్లు. పక్కకి తిరిగి, కదలకుండా నిలబడింది. ముప్ఫైఒక్కసార్లు చేసిన పనే. హెల్మర్ కళ్ళు మూసుకున్నాడు. తెరిచి చూసేసరికి దాని కింది దవడ ఊడి వేలాడుతోంది. రెండో గుండు చెట్లలోకి పోయింది. అది నింపాదిగా తిరిగి అడవిలోకి నడిచిపోయింది.

గాయం చేసినవాడే వెతకడానికి వెళ్ళాలి, అది జట్టు కట్టుబాటు. కుక్కను నడిపే ఐనార్ ముందు, హెల్మర్ వెనక. రెండు రోజులు తిరిగారు. నాచు మీద నెత్తురు, పళ్ళ ముక్కలు. మూడోనాటి మధ్యాహ్నం ఒక బురదమడుగు దగ్గర దొరికింది. నీళ్ళు తాగబోతోంది. కింది దవడ ఊడిపోయింది కదా, ముంచిన నీళ్ళు ముంచినట్టే కారిపోతున్నాయి. అయినా మళ్ళీ ముంచుతోంది. హెల్మర్ దగ్గరికి వెళితే తల ఎత్తి చూసింది. పారిపోయే ఓపిక లేదు. ఛీ, అలాంటి చూపు పగవాడికి కూడా వద్దు. చెవి వెనక గొట్టం ఆనించి కాల్చాడు.

"పాతదానితో అయితే నిద్దట్లో కూడా కొట్టేవాడివి కదా," అన్నాడు ఐనార్. ఆ మూడు రోజుల్లో అతను మాట్లాడింది అదొక్కటే.

తిరిగొచ్చాక ఫోల్కె మాత్రం చాలా మాట్లాడాడు. "నిన్నెవడు మార్చుకోమన్నాడయ్యా? ఆ భుజంతో అరవైరెండు పేలుస్తారా ఎవరైనా?"

హెల్మర్ తెల్లబోయాడు. "నా భుజం సంగతి నీకు తెలుసా?"

"ఊళ్ళో తెలియనిదెవరికి?" అన్నాడు ఫోల్కె.

శనివారం కోతశాలలో మాంసం పంపకం. పొడవాటి బల్ల మీద ముక్కలన్నీ మనిషికొకటి చొప్పున కుప్పలు పెడతారు. ఒకడు గోడవైపు తిరిగి నిలబడాలి. ఇంకొకడు కుప్పని చూపించి "ఇది ఎవరికి?" అంటే, గోడవైపున్నవాడు చూడకుండా ఒక పేరు చెప్పాలి. పక్షపాతం లేకుండా అన్నమాట. ఏళ్ళ తరబడి ఆ గోడ దగ్గర నిలబడేది హెల్మరే. మర్యాద కొద్దీ తన పేరు ఆఖరున చెప్పుకునేవాడు.

"నిలబడు, హెల్మర్," అన్నాడు ఫోల్కె.

హమ్మయ్య అనుకున్నాడు, పాపం! నిలబడమన్నారంటే ఇంకా జట్టులో ఉన్నట్టే కదా. దాగ్నీ ఇచ్చిన పళ్ళెం కాళ్ళ దగ్గర పెట్టుకుని గోడవైపు తిరిగాడు.

"ఇది ఎవరికి?"

"ఐనార్‌కి."

"ఇది?"

"ఫోల్కెకి." వాడి పేరు చెప్పేటప్పుడు కూడా గొంతులో కోపం లేదు, అంత తేలికపడింది ప్రాణం.

ఒక్కొక్కటే తొమ్మిది పేర్లు చెప్పాడు. పదోసారి అడుగుతారని ఆగాడు. వెనక గిన్నెలు లేపుతున్న చప్పుడు, తలుపు తీసిన చప్పుడు. అడగడం మరిచిపోయారేమో అనుకుని తనే అన్నాడు:

"హెల్మర్‌కి."

"ఎక్కడిదయ్యా?" అన్నాడు ఫోల్కె. "కుప్పలు తొమ్మిదే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎవరో కత్తులు కడుగుతున్నారు. హెల్మర్ గోడవైపే నిలబడి ఉన్నాడు. ఇక తిరగవచ్చని ఎవరైనా చెబుతారేమోనని చూశాడు. ఎవరూ చెప్పలేదు.