బావ బండి రాస్తారోకో

ఊరూరా రోడ్ల మీద టెంట్లు వేసుకుని తెలంగాణ అడుగుతున్న ఆ రోజుల్లో, పెండ్లిచూపులకు మంచి రోజు కంటే బంద్ లేని రోజు దొరకడమే కష్టం. జనగామలో ప్రైవేటు బడి పంతులుగా కొత్తగా చేరిన నాకు చిట్యాల సంబంధం అలా వాయిదా పడుతూ వచ్చింది. చివరికి మా అక్క భర్త, అంటే బావ, "ముందుగాల మనిద్దరం పోయొద్దాం. నా బండి జూస్తే వాళ్ల కండ్లు చెదరాలె" అన్నాడు. బండి అంటే ఎత్తైన ఎస్‌యూవీ. ప్రకటనలో అది కొండలెక్కేది, వాగులు దాటేది. బావ దగ్గర మాత్రం ఇంటికీ షోరూముకూ మధ్య తిరిగేది. వాన పడితే అద్దాలు దిగేవి, ఎండ కొడితే ఏసీలోంచి వేడిగాలి వచ్చేది. ఏది చెప్పినా షోరూమువాళ్లు "కొత్తలో అలాగే ఉంటుంది సార్" అనేవారు (కొత్తల్లుడి అలక గురించి చెప్పినట్టు).

పరకాల దాటాక షోరూము అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, కంపెనీ మీ బండికి ఉచిత భద్రతా తనిఖీ ప్రకటించింది. బ్రేకుల్లో చిన్న భాగం మార్చాలి. తీసుకురండి. అప్పటిదాకా దయచేసి నడపకండి."

"నడపకుంట ఎట్ల తేవాలె బిడ్డా? సంకలెత్తుకొని తేవాల్నా?"

"మీ భద్రతే మాకు ముఖ్యం సార్" అని పెట్టేసింది.

బావ వేగం తగ్గించాడు. మెల్లగా పోదామనుకున్నాం. చిట్యాల దగ్గర మలుపు తిరగ్గానే రోడ్డు నిండా జనం బైఠాయించి ఉన్నారు. బావ బ్రేకు తొక్కాడు. పెడల్ నేలకంటింది గానీ బండి ఆగలేదు. ముందు వరసలో అవ్వలు కూర్చున్నారు. నేను కళ్లు మూసుకున్నాను. బావ హ్యాండ్‌బ్రేకు లాగి స్టీరింగ్ తిప్పేశాడు. కళ్లు తెరిచేసరికి బండి రోడ్డుకు అడ్డంగా, అవ్వలకు జానెడు దూరంలో ఆగి ఉంది. వెంటనే చప్పట్లు!

"అన్న బండి అడ్డం వెట్టిండు! జై తెలంగాణ!"

ఎస్సై పరుగెత్తుకొచ్చి "బండి తియ్" అన్నాడు. బావ స్టీరింగ్ మీంచి చేతులు తీసేసి, "తియ్య సార్. పాణం పోయినా దాన్ని ముట్ట" అన్నాడు. (అంత నిజాయితీ గల నినాదం ఆ రోజు ఇంకెవరూ ఇవ్వలేదు.) అందరితోపాటు మమ్మల్నీ వ్యానెక్కించారు.

వ్యానులో పక్కన కూర్చున్న గులాబీ కండువా పెద్దాయన ఎక్కడికి బయల్దేరామని అడిగాడు. బావ చెప్పాడు, ఎవరింటికో కూడా చెప్పాడు. ఆయన నన్ను తేరిపార చూశాడు. "ఆ పిల్ల బాపును నేనే."

"మామా, గది ఉద్యమం గాదు, బ్రేకులు ఫెయిలైనయ్" అన్నాను.

"జూసిండ్రా! జేసింది గూడ చెప్పుకోడు. పిల్లను గీనికే ఇస్త" అన్నాడాయన వ్యానంతా వినేలా.

సాయంత్రం స్టేషనులోంచి వదిలేశాక, నలిగిన చొక్కాతోనే పిల్లను చూశాను. ఆమె మాత్రం మెల్లగా, "నిజంగ బ్రేకులేనా?" అంది. అవునన్నాను. "బతికిండ్రు గద, సాలు" అని నవ్వింది. తర్వాత కంపెనీ ఓ ప్రకటన ఇచ్చింది: కొందరు వినియోగదారులకు స్వల్ప అసౌకర్యం కలిగిందట.

స్టేషను అరుగు మీద ఎవరో తీసిన నా ఫోటో ఒకటి మా ఇంట్లో ఉంది. మొహానికి పౌడరు, చెమటకు తడిసిన క్రాఫు, పిడికిలి ఎత్తాలో వద్దో తెలియక గడ్డం దగ్గరే ఆపేసిన చెయ్యి. ఇంకాస్త పైకెత్తరా అబ్బాయ్, ఎవరూ ఏమీ అనరు అని చెప్పాలనిపిస్తుంది ఇప్పుడు.